రెండు గంటలకోసారి

ఒకటో బస
ఏప్రిల్ 6

అక్కా,

టేబుల్ మీద నేను పెట్టిన చీటీ చూసే ఉంటావు. చూసి తిట్టే ఉంటావు. "నడవడానికి వెళ్తున్నా, కంగారు పడకు" అని ఒక్క ముక్క రాసిపెట్టి పోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆ పూట నాకు అంతకంటే తోచలేదు.

మన వీధి మలుపులో నీలం పట్టీ వేసిన రాయి ఉంది కదా, అమ్మ మంచం మీద నుంచి కిటికీలో కనబడేది. అలాంటి రాళ్ళు సముద్రం ఒడ్డు పొడుగునా ఉన్నాయి. రాయి నుంచి రాయికి నడుచుకుంటూ పోవడమే. నెల పైచిలుకు నడక, చివర లైట్‌హౌస్. ఆ రాయిని చూస్తూ అమ్మ నన్ను అడిగేది, ఆ దారి ఎందాకా పోతుందే అని. తెలీదమ్మా అనేదాన్ని. నేను బయల్దేరడానికి అంతకు మించి గొప్ప కారణం ఏమీ లేదు.

దారిలో ఎనిమిది బసలున్నాయి. బస అంటే పెద్దగా ఊహించుకోకు. ఒక హాలు, పన్నెండు మంచాలు, తడిసిన మేజోళ్ళ వాసన. మధ్య రోజుల్లో ఎక్కడ చోటిస్తే అక్కడ పడుకోవాలి. ఉత్తరాలు మాత్రం బసలకే వస్తాయి. ఎవరైనా తమ ఉత్తరం తీసుకోకుండా ముందుకి వెళ్ళిపోతే, వెనక వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపిస్తారట. ఇక్కడ అదో పద్ధతి. బసల అడ్రసులు వెనక పేజీలో రాశాను.

ఫోను అమ్మ గదిలోనే ఛార్జింగులో వదిలేశాను. కావాలనే. రెండు గంటలకోసారి అది మోగడం, నేను లేచి ఒంటికి పుళ్ళు పడకుండా అమ్మని ఎడమకో, కుడికో, వెల్లకిలాకో తిప్పి చార్టులో గుర్తు పెట్టడం, ఎనిమిదేళ్ళు అదే కదా పని. ఇక్కడికొచ్చే బస్సులో ఎవరిదో ఫోను అచ్చం అలాగే మోగింది. పక్కనున్నావిడ భుజం కింద చెయ్యి పెట్టి లేపబోయాను. ఆవిడ దిగేదాకా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అమ్మ పోయి నలభై రోజులైంది. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావట్లేదు. దిగులు కూడా లేదు. ఏమీ లేదు. నడుస్తుంటే మాత్రం రెండు గంటలకోసారి కాళ్ళు ఆగిపోతున్నాయి. గడియారం చూస్తే సరిగ్గా సమయానికే.

బావని అడిగానని చెప్పు.

పిచ్చుక


ఏప్రిల్ 9
(రెండో బసకి)

పిచ్చుకా,

నలభై ఆరేళ్ళొచ్చాయి నీకు. చీటీ రాసి పారిపోయే వయసు పదహారు. ఆ వయసులో చెయ్యాల్సినవి అప్పుడు చెయ్యకపోతే ఇదిగో, ఇలాగే ఉంటుంది.

నీ చీటీ చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీ బావ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "నడవడానికేగా వెళ్ళింది, ఈదడానికి కాదుగా" అన్నాడు. ఆయన ఇప్పుడు ఫ్రిజ్ రిపేరుకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ నీ సంగతి చెబుతున్నాడు. నిన్న నా షాపుకి వచ్చిన ఒకావిడ, "మీ చెల్లెలు దేశం చుట్టూ నడుస్తోందటగా" అంది. అప్పుడే దేశం చుట్టూ అయిపోయింది.

ఇక్కడ నాకు తల ప్రాణం తోకకొస్తోంది. స్కూలు యూనిఫారాల సీజను. నూట నలభై చొక్కాలకి కాజాలు పూర్తయ్యాయి, గుండీలు కుట్టే దిక్కు లేదు. నువ్వు అమ్మ పక్కన కూర్చుని కుట్టి పంపేదానివి, మళ్ళీ ఊడేవి కావు. ఇప్పుడు ఒకావిడకి ఇస్తే రెండు కుట్లు వేసి ముడి పెట్టేస్తోంది. పిల్లలు బడి గేటు దాటకుండానే ఊడి పడతాయి.

అమ్మ ఇల్లు రెండ్రోజులకోసారి వెళ్ళి తలుపులు తీసి వస్తున్నాను. అమ్మకి అద్దెకి తెచ్చిన ఆస్పత్రి మంచం కోసం షాపువాడు రెండుసార్లు మనిషిని పంపాడు. ఇచ్చెయ్యమంటావా? నిన్ను అడక్కుండా ముట్టుకోను. చార్టు కూడా గోడకి అలాగే ఉంది. దాన్నీ ముట్టుకోలేదు.

నువ్వు వెళ్ళింది దారి చూడ్డానికి అంటున్నావు. సరే. నాకైతే నువ్వు ఎవరి మొహమో చూడలేక వెళ్ళావేమో అనిపిస్తోంది. తప్పయితే తప్పని రాయి.

వేళకి తిను. సముద్రం దగ్గర తలకి గుడ్డ కట్టుకో.

అక్క


రెండో బస
ఏప్రిల్ 12

అక్కా,

తలకి గుడ్డ కట్టుకుంటున్నాను. గుండీల విషయంలో నేను చెయ్యగలిగింది లేదు. దారం నాలుగు పోగులు వెయ్యమను, ముడికి ముందు గుండీ కింద మూడు చుట్లు చుట్టమను.

నిన్న మొత్తం గులకరాళ్ళ మీద నడక. పడవకి రంగేసే ఒకాయన ఆపి, ఎందాకా అని అడిగాడు. చివరిదాకా అన్నాను. "అక్కడ ఏముంది?" అన్నాడు. లైట్‌హౌస్ అన్నాను. "అది ఇక్కడ నుంచి కూడా కనబడుతుంది కదా" అన్నాడు. చూస్తే నిజమే, ఒడ్డు గుండ్రంగా చుట్టి తిరుగుతుంది కాబట్టి నీళ్ళకి అవతల, చాలా దూరంగా, అగ్గిపుల్లంత. ఆయన చేతిలో బ్రష్షు వైపు చూసి వచ్చేశాను.

సముద్రం బాగుంటుందన్నారు అందరూ. బాగానే ఉంది కాబోలు. నా ముందు పెట్టిన పళ్ళెంలా ఉంది, ఆకలి మాత్రం లేదు. పొద్దున చలి పెడుతోందని పక్కవాళ్ళు అంటే కోటు వేసుకుంటున్నాను.

నేను ఎవరి మీదా కోపంతో రాలేదు. కానీ ఒకటి రాయాలి. అమ్మ పోయిన రోజు సాయంత్రం నుంచి నువ్వు నా మొహం చూడలేదు. వంటింట్లో నా చేతికి గ్లాసిచ్చేటప్పుడు కూడా గ్లాసునే చూశావు. ఎందుకో నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి నీకూ తెలుసు. ఇద్దరం నోరు విప్పలేదు. దాని గురించి ఉత్తరాల్లో రాయొద్దు. రాస్తే జవాబు ఇవ్వగలనో లేదో.

మంచం ఇంకొన్నాళ్ళు ఉంచు.

చెల్లి


ఏప్రిల్ 15
(నాలుగో బసకి, మూడోదానికి రాస్తే నువ్వు దాటిపోతావు)

పిచ్చుకా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నీకు తెలుసని నాకు అనుమానమే తప్ప రూఢిగా తెలీదు. ఇప్పుడు నువ్వే రాశాక ఇంకా మూట కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

నిన్న అమ్మ గదిలో ఉన్నాను. కిటికీ తుడుస్తున్నా. సరిగ్గా రెండింటికి నీ ఫోను మోగింది. నా చేతిలో గుడ్డ జారిపోయింది. అలారాలు తీసెయ్యకుండానే వెళ్ళిపోయావే. ఎవరూ లేని ఇంట్లో అది రోజుకి పన్నెండుసార్లు మోగుతూ ఉంది ఇన్నాళ్ళుగా. ఎలా ఆపాలో నాకు తెలీలేదు. అది తగ్గేదాకా మంచం రాడ్డు పట్టుకుని నిలబడ్డాను.

ఆ రోజు కూడా మోగింది. నువ్వు నన్ను కూర్చోబెట్టి బయటికి వెళ్ళావు. ఎన్ని నెలల తర్వాతో మొదటిసారి. ఫోను ఇంట్లోనే పెట్టి, "రెండింటికి, నాలుగింటికి మోగుతుంది, తిప్పి గుర్తు పెట్టక్కా" అన్నావు. నేను ఫ్రాకులు వెంట తెచ్చుకున్నాను, నలభై ఫ్రాకులకి అంచులు కుట్టాలి. ముందు గదిలో కూర్చున్నా. రెండింటికి మోగింది, వెళ్ళి నొక్కేశా. ఎలా ఆపాలో తెలీదన్నానే, అప్పుడు మాత్రం తెలిసింది. అమ్మ కిటికీ వైపు తిరిగి ఉంది. కళ్ళు మూసుకుంది. ఈ రెండు ఫ్రాకులూ కుట్టి తిప్పుదాం అనుకున్నా. రెండు నాలుగయ్యాయి, ఆరయ్యాయి. నాలుగింటికి మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కా. నాలుగున్నరకి ఫ్రాకులు అయిపోయాక వెళ్ళా. అమ్మ అలాగే కిటికీ వైపు తిరిగి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా. డాక్టరుకి ఫోను చెయ్యకముందే పెన్ను తీసుకుని చార్టులో రెండింటికీ నాలుగింటికీ టిక్కులు పెట్టాను. చెయ్యి దానంతటదే పోయింది. తర్వాత డాక్టరు గుండె ఆగిందని, ఎవరున్నా ఏం చేసేది లేదని చెప్పాడు. మీ బావకీ ఆ మాటే చెప్పా, అందరికీ ఆ మాటే చెప్పా. నాకు మాత్రం అది చెవికెక్కలేదు. రెండింటికే లేచి తిప్పి ఉంటే కనీసం ఆఖర్న ఒక మాట మాట్లాడేదాన్ని.

నువ్వు ఎనిమిదేళ్ళు చేసిన పని నేను ఒక్క మధ్యాహ్నం చెయ్యలేకపోయాను. అందుకే నీ మొహం చూడలేదు. ఏ మొహం పెట్టుకుని చూడను?

తిట్టాలంటే తిట్టు. మాట్లాడనంటే అదీ రాయి. ఊరకే ఉండకు.

అక్క


ఐదో బస
ఏప్రిల్ 19

అక్కా,

నీ దగ్గర్నుంచి ఈసారి ఉత్తరం లేదు. సీజను కదా, తీరిక లేదనుకున్నా.

కుడి మడమ మీద బొబ్బ, ఎడమ కాలి చిటికెన వేలి మీద ఇంకోటి. ఇక్కడ అందరికీ బొబ్బలే కబుర్లు. పొద్దున లేవగానే ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుంటారు. వీళ్ళలో ఒక పెద్దాయన ఉన్నారు, బడిలో పిల్లలకి ఆటలు నేర్పి రిటైరయ్యారట, మెడలో ఇంకా ఈల వేలాడుతూ ఉంటుంది. అందరూ ఈల మాస్టారు అంటారు. అలసిపోయి కూర్చున్నవాళ్ళని చూస్తే ఈల వేస్తారు. నేను రెండు గంటలకోసారి ఆగడం చూసి, "నీకు లోపల గంట కొట్టే ప్యూను ఉన్నాడమ్మా" అన్నారు. నవ్వాను. మొహం నవ్వింది, అంతే. ఆయన కాళ్ళ నొప్పుల వల్ల వెనకబడ్డారు.

ఒడ్డున మట్టి జారిందని నాలుగు రోజుల దారి మూసేశారు. మమ్మల్ని బస్సులో తిప్పి తీసుకొచ్చి ఇక్కడ దించారు. అందుకే అనుకున్నదానికంటే ముందే ఇక్కడున్నాను. బస్సులో కూర్చుంటే సముద్రం కనబడలేదు. పోయిందని బాధ కూడా లేదు.

వంటామె గుడ్లు ఉడకబెట్టి ఒక్కొక్కరికి రెండు ఇచ్చింది. నావి రెండూ తిన్నాను. అమ్మకి పచ్చసొన తీసి పెట్టేదాన్ని కదా, ఇవాళ కూడా తీసి పళ్ళెం అంచున పెట్టాను. తర్వాత అదీ తిన్నాను.

గుండీల సంగతి ఏమైంది?

పిచ్చుక


ఏప్రిల్ 22
(ఆరో బసకి)

నీ ఉత్తరం అందింది.

బొబ్బలు, గుడ్లు, ఈల మాస్టారు. బాగుంది. నేను కడుపులోది తీసి నీ ముందు పెడితే నువ్వు పచ్చసొన గురించి రాశావు. నా ఉత్తరమే రాలేదన్నట్టు నటించడం నీకు చేతనవుతుందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు. జవాబు ఇవ్వలేనని ముందే రాశావు, నిజమే. కానీ ఇదేం పద్ధతి? తిట్టినా పడేదాన్ని.

మీ బావకి కూడా చెప్పేశా, అన్నం ముందు కూర్చున్నవాడు లేచి చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళు అనరు, ఎక్కడో నడిచేవాళ్ళు అనరు. నేనే రోజంతా నన్ను అనుకుంటున్నాను. మిషను మీద రెండుసార్లు వేలు కుట్టుకున్నా.

గుండీలు ఊడిపోతున్నాయి. అదీ నీ ప్రశ్నకి జవాబు.

ఇంక నేను రాయను. మంచం ఈ నెలాఖరుకి ఇచ్చేస్తాను.


ఆరో బస
ఏప్రిల్ 28

అక్కా,

ముందు ఇది చదువు. నీ పదిహేనో తారీఖు ఉత్తరం నాకు నిన్న సాయంత్రం అందింది.

నాలుగో బసకి నేను వెళ్ళనే లేదు. మట్టి జారి మూసేసిన దారిలోనే ఉంది అది. బస్సు దాన్ని దాటించేసింది. నీ ఉత్తరం అక్కడ గూట్లో కూర్చుంది. ఇరవై రెండో తారీఖుది మాత్రం ఇక్కడికి నాకంటే ముందే వచ్చి ఉంది. పదిసార్లు చదివాను, ఏదో ఉత్తరం నాకు అందలేదని తెలిసింది తప్ప దేనికి తిడుతున్నావో అర్థం కాలేదు. కాలు వాచిందని ఇక్కడే మూడు రోజులుండిపోయాను. నిన్న ఈల మాస్టారు కుంటుకుంటూ వచ్చారు. దారి మళ్ళీ తెరిచారట, నాలుగో బస మీదుగా నడిచొచ్చారు. చొక్కా జేబులోంచి నీ కవరు తీసి ఇచ్చారు. "నీ పేరు మీద చూసి మోసుకొచ్చానమ్మా, చెమటకి తడిసింది, ఏమనుకోకు" అన్నారు.

ఇప్పుడు నా వంతు.

నేను "నాకు తెలుసు" అని రాసింది నీ సంగతి కాదు. నా సంగతి. ఆ రోజు నేను ఐదున్నరకే మన వీధి మలుపుకి వచ్చేశాను. నీలం రాయి దగ్గర ఆగిపోయాను. ఇంట్లోకి రావాలనిపించలేదు. అరగంట అక్కడే నిలబడ్డాను, మన కిటికీ చూస్తూ. కర్టెను కదిలింది. నువ్వు నన్ను చూశావనుకున్నా. లోపల అమ్మ పోయి ఉంటే ఇది బయట తీరిగ్గా నిలబడి ఉంది అనుకున్నావనుకున్నా. నువ్వు నా మొహం చూడకపోవడం దానికేనని ఇన్నాళ్ళూ అనుకుంటున్నా.

ఇంకోటి. నేను లోపలికి రాగానే నువ్వు చెప్పావు, అమ్మ పోయిందని. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏంటో తెలుసా. ఆరింటిది చెయ్యక్కర్లేదు. అంతే. ఆ ఆలోచన వచ్చాక నాలో ఏదో మూతపడిపోయింది. అప్పట్నుంచి తెరుచుకోలేదు.

టిక్కుల సంగతి నాకు ఆ సాయంత్రమే తెలుసు. ఎనిమిదేళ్ళూ నేను చుక్కలు పెట్టాను. నువ్వు మాత్రం బట్ట మీద సుద్దతో గీసినట్టు కొట్టేస్తావు. రెండూ ఒకే ఊపులో ఉన్నాయి, ఒకేసారి పెట్టినట్టు. చూశాను. కోపం రాలేదు. ఏమీ రాలేదని చెప్పానుగా. కానీ ఎందుకు నీకు చెప్పలేదో ఇప్పుడు చెప్పాలి.

అమ్మ మంచం కింద అట్టపెట్టె ఉంటుంది, పాత చార్టులన్నీ అందులో ఉన్నాయి. తీసి చూడు. పోయిన ఏడాదివి ముఖ్యంగా. అన్ని గళ్ళలోనూ చుక్కలుంటాయి, ఒక్కటీ ఖాళీ ఉండదు. వాటిలో మధ్యాహ్నం రెండింటివి అన్నీ అబద్ధం. ఏడాది పొడుగునా ఒక్కరోజు కూడా రెండింటికి అమ్మని తిప్పలేదు. ఒకరోజు నేను మంచం పక్కనే నిలబడి కునికిపాట్లు పడుతుంటే అమ్మ అంది, "ఈ పూటకి వదిలెయ్యవే, నన్నిలా కిటికీ వైపే ఉండనీ, నువ్వూ కాస్త నడుం వాల్చు. డాక్టరుకి చుక్క పెట్టి చూపించు, చాలు." ఆ రోజు నుంచి రెండింటికి అలారం మోగడం, నేను నొక్కెయ్యడం, ఇద్దరం పడుకోవడం. ఆ గంట అమ్మది. ఆ గంటలో ఎవరూ తనని ముట్టుకోకూడదు. నీకు చెప్పలేదు, ఎందుకంటే చెబితే నువ్వు నన్ను దొంగ అనుకుంటావని సిగ్గు.

అందుకని ఆ రోజు రెండింటికి నువ్వు తిప్పకపోతే అమ్మ హాయిగా ఉండి ఉంటుంది. నేనున్నా తిప్పేదాన్ని కాదు. తనని కిటికీ వైపు తిప్పి వెళ్ళింది కూడా నేనే, వెళ్తూ వెళ్తూ. నాలుగింటి సంగతి నాకు తెలీదు. దానికి నా దగ్గర మందు లేదు. కానీ రెండింటిది నువ్వు మోయొద్దు. అది నాది, అమ్మది.

ఇది రాస్తుంటే చేతికి ఏదో అవుతోంది. కాలు మడిచి చాలాసేపు కూర్చుని లేస్తే తిమ్మిరి వదిలేటప్పుడు అవుతుందే, అలా. బాగా లేదు.

మే తొమ్మిదికి ఎనిమిదో బస చేరతాను. అక్కడ నుంచి లైట్‌హౌస్‌కి గంట నడక. ఒక్కదాన్నే వెళ్ళబుద్ధి కావట్లేదు. నీకు సీజనని తెలుసు. అయినా అడుగుతున్నాను. రా.

నీ చెల్లి


మే 1
(ఏడో బసకి)

పిచ్చుకా,

అట్టపెట్టె తీశాను. పోయిన ఏడాదివి, ఎనభై పైన కాగితాలు. మధ్యాహ్నం రెండింటి గళ్ళన్నీ వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. చుక్క, చుక్క, చుక్క. అబద్ధాన్ని కూడా ఇంత నీటుగా రాసే మనిషిని నేను చూళ్ళేదు. కుట్టుకున్న వేలికి కట్టు ఉంది, కళ్ళు తుడుచుకునేసరికి అది తడిసింది, ఒక కాగితం మీద నాలుగు చుక్కలు అలుక్కుపోయాయి. ఏమనుకోకు.

బస్సులో తిప్పారని నువ్వు స్పష్టంగా రాశావు. నాకు ఒక్క ముక్క తట్టలేదు, చిలవలు పలవలు అల్లుకుని కూర్చున్నా. మీ బావ ఆ ఉత్తరం మళ్ళీ చదివి, "నాలుగో బస రాలేదుగా ఇందులో" అన్నాడు. నువ్వు రాసింది వచ్చాక అన్నాడులే, ముందంటే ఆయన్ని నెత్తిన పెట్టుకునేదాన్ని.

ఆ రోజు కర్టెను కదిలించింది నేను కాదు. నేను కిటికీ దగ్గరికి రాలేదు, అమ్మ పాదాల దగ్గర కూర్చున్నా. గాలి అయి ఉంటుంది.

మంచం రేపు పొద్దున తీసుకెళ్తామన్నారు. సరే అన్నాను. ఇవాళ ఒంటిగంటకి షాపు మూసి అక్కడికి వెళ్ళాను. దాని మీద పడుకున్నా, కిటికీ వైపు తిరిగి. అక్కణ్ణుంచి నీలం రాయి మొత్తం కనబడుతుంది పిచ్చుకా, దాని పక్కన మనిషి నిలబడితే మొహంతో సహా కనబడుతుంది. ఎవరూ నిలబడలేదు.

రెండింటికి నీ ఫోను మోగింది. నేను లేవలేదు. చాలాసేపు మోగి అదే ఆగిపోయింది. ఆ గంటంతా నేను కదల్లేదు. మూడింటికి లేచి చార్టు దగ్గరికి వెళ్ళి నా రెండు టిక్కుల్లో రెండింటిది ఉంచి, నాలుగింటిది కొట్టేశాను. అది నేనే మోస్తాను. ఒక్కటైతే మొయ్యగలను.

తొమ్మిదో తారీఖు పొద్దున పదింటి బస్సుకి వస్తున్నాను. గుండీలు నాలుగు డజన్లు, సూదులు, దారం తెస్తున్నా, రాత్రికి బసలో కూర్చుని కుడదాం. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఆ గంట దారి నాకు రెండు గంటలు పడుతుంది. మధ్యలో ఆగాల్సి వస్తే ఇద్దరం ఆగుదాం.

అక్క